‘ఆటవికం’ ఎవరిది? – చింతపల్లి కొండల నుంచి తెలుగు మాటల మీద కొన్ని ప్రశ్నలు

1

జాత్యహంకారం ఇంకా వుందా అని అడిగితే తెలుగు చదువరి వుందనే చెప్తాడు. ఎక్కడుందంటే మాత్రం అమెరికా పేరెత్తుతాడు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేత పట్టణంలో హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరును ఒక తెల్లవాడు మా దేశం వదిలి పొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు గుద్ది ఆదోని నుంచి వెళ్ళిన విద్యార్థిని చనిపోయింది. ఆ అమ్మాయి ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మరో పోలీసు అధికారి నవ్వుతూ మాట్లాడిన రికార్డు ఆ తర్వాత బయటపడింది. తెలుగువాళ్ళు రగిలిపోయారు. రగిలిపోవాల్సిందే. ఆ అధికారి వుద్యోగం 2024లో పోయింది.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమా మొదట్లో ఒక గోండు తల్లి మీద సిపాయి తుపాకి ఎత్తుతాడు. తెల్లదొర వాణ్ణి ఆపుతాడు. జాలిపడి కాదు, ఆమె ప్రాణం తుపాకి గుండు ఖరీదు కూడా చెయ్యదని. హాల్లో జనం పళ్ళు కొరికారు. తెల్లవాడి నోట వచ్చిన తిట్టును పట్టుకోవడానికి మనకు ఏ పరిశోధనా అక్కర్లేదు. వెంటనే తెలిసిపోతుంది.

మరి అదే జనం హాలు బయటికొచ్చి, అర్థంకాని మాట మాట్లాడినవాణ్ణి ‘కోయ భాష మాట్లాడకు’ అంటారు. అది జాత్యహంకారమని ఎవరికీ తట్టదు. తిట్టు అని కూడా తట్టదు. అది తెలుగు నుడికారం, అంతే.

మేము ఈ వ్యాసంలో చర్చకు పెట్టదలుచుకున్నది ఇదే. కొండ జనం మీద జాత్యహంకారం బూతుమాటల్లో ఎంత మిగిలిందో మర్యాద మాటల్లో అంతకంటే ఎక్కువ మిగిలింది. పత్రికలు, కోర్టులు, ప్రభుత్వ జీవోలు, చివరికి దళిత వుద్యమ కరపత్రాలు కూడా ఆ మాటలను మోస్తున్నాయి. వాటిలో మూడింటిని ఇక్కడ పరిశీలిస్తాం: ఆటవికం, అమాయకం, ఆదిమం. ఈ మూడూ వట్టి మాటలు కావు. ఒక్కొక్కటి ఒక్కో పని చేసిపెడుతుంది.

2

ముందుగా ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఇది జాత్యహంకారం ఎలా అవుతుంది, ఇక్కడ జాతులెక్కడున్నాయి అని పెద్దలు అడుగుతారు. 2001లో దర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలు కులాన్ని అక్కడ చర్చకు పెట్టబోతే భారత ప్రభుత్వం అడ్డుపడింది. కులం వేరు, జాతి వేరు అంది. బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా కులాలు వేర్వేరు రక్తాల నుంచి పుట్టాయన్న సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు గదా అని కొందరు ఆయన్నే సాక్ష్యానికి పిలిచారు.

ఈ వాదంలో మోసం వుంది. జీవశాస్త్రం లెక్క ప్రకారం జాతులు ఎక్కడా లేవు, అమెరికాలోనూ లేవు. మనిషి తక్కువతనం పుట్టుకలోనే, వొంట్లోనే వుందని నమ్మి, ఆ నమ్మకం మీద భూమినీ కూలినీ చదువునీ పంచడమే జాత్యహంకారం. అందుకే 1965 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక రంగుతో పాటు పుట్టుక వంశాన్ని కూడా లెక్కలో చేర్చింది. భారతదేశం 1968లో దాన్ని ఆమోదించింది. ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీ 2002లో కులం లాంటి వ్యవస్థలు కూడా దాని కిందికే వస్తాయని తేల్చింది.

మన తెలుగులో ‘జాతి’ అన్న మాటే ఈ సంగతిని దాచకుండా చెప్తుంది. తెలుగు జాతి అంటే గర్వం. జాతి రత్నం అంటే మెప్పు. జాతి తక్కువ అంటే తిట్టు. కొండజాతి అంటే? అది మెప్పో తిట్టో చెప్పేవాడి గొంతును బట్టి, ఎదుట నిలబడ్డవాడి బట్టలను బట్టి వుంటుంది. ఒకే మాటలో కులమూ తెగా దేశమూ రక్తమూ కలిసిపోయిన భాష మనది. ఇక్కడ జాతి లేదని చెప్పడం ఢిల్లీ అధికారులకు సులువేమో గాని తెలుగులో కుదరదు.

కొలతలు కూడా మన దగ్గర తీశారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ జనం తలలూ ముక్కులూ కొలిచి, 1909లో దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మా తాతల ముత్తాతల సంగతి ఆ పుస్తకాల్లో కొలతల పట్టికల్లాగా వుంటుంది. కొలిచేవాళ్ళు పోయారు. కొలిచిన చూపు పోలేదు.

3

మర్యాద మాటలకు ముందు మోటు మాటల సంగతి కొంత చెప్పుకోవాలి. తెలుగు సినిమాలో ‘కోయదొర’ వేషం తెలియనివాళ్ళు లేరు. తలకు ఈకలు, మెళ్ళో పూసలు, నోట్లో అర్థంలేని కూతలు. హీరో విలన్‌ను బోల్తా కొట్టించడానికి వేసే మారువేషాల్లో ఇదొకటి. తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరించే నాటకాలు అమెరికాలో ఆడారని మనం పాఠాలు చెప్తాం. కోయదొర వేషాన్ని మాత్రం హాస్యం కింద జమకడతాం. లక్షలమంది మాట్లాడే కోయ భాష వ్యాకరణం వున్న ద్రావిడ భాష అనీ, తెలుగుకు చుట్టమనీ చెప్పే తీరిక ఎవరికీ లేదు.

‘ఏజెన్సీ’ కథ ఇంకోలాటిది. 1839 చట్టంతో ఇంగ్లీషు వాళ్ళు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు కింద పెట్టారు. ఆ పాలనా పదమే తర్వాత నేలకు పేరైంది, నేల పేరు మనుషులకు పేరైంది. మాలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళం. ఆశ్రమ పాఠశాలల్లో పది గట్టెక్కి, కొండ దిగి మైదానం హాస్టళ్ళలో చేరగానే మా పేర్లు పోయాయి. ‘ఒరే ఏజెన్సీ’ అంటే ఎవరో ఒకరం పలికేవాళ్ళం. పిలిచినవాడికి మా మీద పగేమీ లేదు. వాడికి అది తిట్టని తెలియదు కూడా.

‘నువ్వు’ సంగతి ఇంకా సూక్ష్మం. మా కొండ తెలుగులో ముసలివాళ్ళు కలెక్టరొచ్చినా ‘నువ్వెప్పుడొచ్చినావు’ అనే అడుగుతారు. అందులో తక్కువ చెయ్యడం లేదు, ఎదుటి మనిషిని మనిషిగా పలకరించడమే వుంది. మైదానం నుంచి వచ్చినవాడు దీన్ని విని ‘వీళ్ళకు మర్యాద తెలియదు’ అంటాడు. అదే మనిషి సంతలో పసుపు, పిప్పళ్ళు తూకం వేసుకుంటూ తన తండ్రి వయసున్న మా పెద్దాయన్ని ‘ఏరా’ అంటాడు. ఒకే సంతలో రెండు ‘నువ్వు’లు. ఒకటి సమానుణ్ణి పిలిచేది, రెండోది కిందివాణ్ణి పిలిచేది. వ్యాకరణ పుస్తకాలు రెండింటినీ ఏకవచనం అనే రాస్తాయి.

4

ఇక మర్యాద మాటలు. మొదటిది ఆటవికం.

మన పత్రికల్లో ఎక్కడ దారుణం జరిగినా ‘ఆటవిక చర్య’ అని రాస్తారు. చట్టం నడవకపోతే ‘ఆటవిక న్యాయం’. రౌడీలు ఏలితే ‘ఆటవిక రాజ్యం’. ఈ మాట రాసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలాసార్లు వాళ్ళు బాధితుల పక్షాన నిలబడి, కోపం పట్టలేక రాస్తారు. దళితుల మీద దాడులను ఖండించే కరపత్రాల్లో కూడా ఈ మాట మనకు ఎదురవుతుంది.

ఒక్కసారి నిలబడి ఆలోచిద్దాం. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను వేటాడి చంపిందెవరు? 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసిందెవరు? రెండూ కృష్ణా డెల్టా వూళ్ళు. కాలువ నీళ్ళు పారే మాగాణి, సినిమా హాళ్ళు, కాలేజీలు, రాజకీయ పలుకుబడి వున్న చోట్లు. చంపినవాళ్ళు భూమి, చదువు, పార్టీ అన్నీ వున్న కులాలవాళ్ళు. అక్కడికి దగ్గర్లో ఏ అడవీ లేదు. ఆ హింస అడవి నుంచి రాలేదు. పొలం గట్టు మీద, వూరి చెరువు దగ్గర, కులం ఇచ్చిన ధైర్యంతో పుట్టింది. అది నూటికి నూరుపాళ్ళు నాగరికుల హింస.

దాన్ని ‘ఆటవికం’ అన్నప్పుడు రెండు పనులు జరిగిపోతాయి. హంతకుడు తన కులం నుంచి, తన నాగరికత నుంచి తప్పించుకుంటాడు. కాసేపు దారితప్పి అడవి మనిషి అయ్యాడు పాపం, లేకపోతే మంచివాడే అన్నట్టు అవుతుంది. ఆ నేరంతో ఏ సంబంధమూ లేని మా కొండ జనం ఖాతాలో అది పడుతుంది. కులం చేసిన నేరాన్ని కులం పేరుతో పిలవకుండా తప్పించే మాట ఇది. అందుకే దీన్ని వదులుకోవడం ఆదివాసుల మీద దయ కాదు. దళిత రాజకీయాలకే అది అవసరం.

5

రెండో మాట అమాయకం. ‘అమాయక గిరిజనులు’ అనేది తెలుగులో విడదీయరాని జంట అయిపోయింది. మాయ తెలియనివాళ్ళు అని అర్థం చెప్పి మెచ్చుకున్నట్టే వుంటుంది. ఈ మెప్పు ఏం పని చేస్తుందో చింతపల్లి చరిత్రలో చూడొచ్చు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. ఆ దాడుల్లో నడిచినవాళ్ళు ఎక్కువమంది కొండవాళ్ళు. వాళ్ళెందుకు వచ్చారు? 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కొట్టుకోవడానికి లేకుండా పోయింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన గూడెం తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా వెట్టి చేయించాడు. గాం గంతం దొర గ్రామ మునసబు పదవి పోగొట్టుకున్నవాడు. ఇవన్నీ లెక్క తెలిసిన మనుషుల కారణాలు. అంతకుముందు కూడా 1879-80 రంప ఫితూరీ దాకా, ఇంకా వెనక్కి 1839 దాకా ఈ కొండల్లో తిరుగుబాట్లు గొలుసులాగా నడిచాయని డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో వివరంగా రాశాడు. ఆ గొలుసులో చాలా ఫితూరీలు అల్లూరి సీతారామరాజు పుట్టకముందువే.

అయినా ఇంగ్లీషు అధికారులు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారు? కొండవాళ్ళు మూఢులు, బయటివాడు రెచ్చగొడితే రెచ్చిపోయారు అని. మనం ఎలా చెప్పుకుంటున్నాం? కొండవాళ్ళు అమాయకులు, బయటినుంచి వచ్చిన మహానుభావుడు దారి చూపితే నడిచారు అని. తెల్లవాడు రెచ్చగొట్టాడన్న చోట మనం దారి చూపాడన్నాం. కొండవాడి స్థానం రెండు కథల్లోనూ ఒకటే. సీతారామరాజు త్యాగాన్ని తగ్గించడం మా వుద్దేశం కాదు. మా కొండల్లో ఆయన పేరు పెట్టుకున్న పిల్లలు ఎందరో వున్నారు. ఆయన పక్కన నడిచినవాళ్ళకు బుర్ర లేదని చెప్తే ఆయన పెద్దవాడవుతాడా అన్నదే మా ప్రశ్న. గాం మల్లు దొర జైలు అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు స్వతంత్ర అభ్యర్థిగా గెలిచాడు. ఆ సంగతి తెలుగు విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు?

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాను చింతపల్లి అడవుల్లోనే చాలావరకు తీశారు. మా నేల, మా చెట్లు తెరకెక్కాయి. మనుషులు మాత్రం వెనక గుంపుగా మిగిలిపోయారు. 48 ఏళ్ళ తర్వాత ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. ఈసారి ఆదివాసీకి సగం హీరోతనం ఇచ్చారు. మంచిదే. కాని చివర్లో ఏం జరుగుతుంది? నీకేం కావాలని రాముడు అడిగితే భీముడు చదువు కావాలంటాడు. అప్పుడు రాముడు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాసిస్తాడు. దేశమంతా ఆదివాసులు కొమురం భీమ్ పేరు మీద ఎత్తుకునే నినాదాన్ని, ఆ భీముడికే ఇంకొకరు అక్షరాలు దిద్దించి నేర్పినట్టు చూపించారు. తెల్లదొర తిట్టుకు పళ్ళు కొరికిన ప్రేక్షకుడికి ఇక్కడ ఏ అభ్యంతరమూ కనిపించలేదు. ఈ అవమానం దండ వేసినట్టుగా వచ్చింది మరి.

అమాయకుడికి సొంత మాట వుండదు. ఆ మాటతో జరిగే అసలు నష్టం ఇదే. 2015 నవంబరులో జీవో 97తో చింతపల్లి, జెర్రెల ప్రాంతాల్లో 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ తవ్వకాలకు మళ్ళించబోయారు. మా జనం రోడ్డెక్కారు. ‘వీళ్ళకేం తెలుసు, ఎవరో వెనకుండి ఆడిస్తున్నారు’ అన్న మాట వెంటనే వినపడింది. అల్యూమినియం గురించి తెలియకపోవచ్చు. వూట ఎండితే కాఫీ తోట, రాగి చేను ఏమవుతాయో తెలియదా? ఆ లీజులు చివరికి 2019లో రద్దయ్యాయి.

2007 ఆగస్టు 20న వాకపల్లిలో పదకొండు మంది ఖోందు స్త్రీలు పోలీసు బలగాలు తమమీద అత్యాచారం చేశాయని ఫిర్యాదు చేశారు. మావోయిస్టులు చెప్పిస్తే చెప్తున్నారని పోలీసు వర్గాలు తోసిపుచ్చాయి. ఆ స్త్రీలు పదిహేనేళ్ళకు పైగా ఒకే మాట మీద నిలబడ్డారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుబట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇమ్మంది. ఆడవాళ్ళయినందుకు ఒకసారి, కొండవాళ్ళయినందుకు ఇంకోసారి వాళ్ళ మాటను అనుమానించారు. కొండ ఆడమనిషి తనకు జరిగింది తానే చెప్పగలదని నమ్మడానికి ‘అమాయకం’ అడ్డొచ్చింది. సొమ్ము పోయినప్పుడు అమాయకులు, సాక్ష్యం చెప్పినప్పుడు ఎవరో ఆడించే బొమ్మలు. ఒకే మాటకు రెండు కొసలు.

6

మూడో మాట ఆదిమం. ఇది ఆఫీసు మాట.

ఒక తెగను షెడ్యూల్డు తెగగా గుర్తించాలంటే 1965లో లోకూర్ కమిటీ చెప్పిన అయిదు లక్షణాలు చూస్తారు. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, విడిగా వుండే నివాసం, బయటివాళ్ళతో కలవడానికి సంకోచం, వెనకబాటు. ఈ అయిదింటిలో మొదటిదాన్నీ నాలుగోదాన్నీ మళ్ళీ చదవండి. హక్కు కావాలంటే నువ్వు ఆదిమంగా వుండాలి, మనుషుల్ని చూసి బెదరాలి. బెదరకుండా వచ్చి దరఖాస్తు పెడితే ఆ దరఖాస్తే నీకు ఎదురు సాక్ష్యం. 1975 నుంచి కొన్ని తెగలను ‘ఆదిమ తెగలు’ అని విడిగా లెక్కపెట్టారు. మా విశాఖ కొండల్లోని ఖోందులు, పోర్జలు, గదబలు అందులో వున్నారు. 2006లో ఢిల్లీ ఆ పేరు మార్చి ‘ప్రత్యేకంగా దుర్బలమైన తెగలు’ అంది. మండలాఫీసుల్లో మాత్రం ఇప్పటికీ ‘ఆదిమ’ పోలేదు.

2000 సంవత్సరంలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. పిల్లవాడి ఇంటి భాష తెలిసిన మనిషి బడిలో వుండాలన్న ఆలోచన దాని వెనక వుంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లుతుందా లేదా అనేది న్యాయశాస్త్ర చర్చ, దాన్నలా వుంచుదాం. తీర్పు భాష చూడాలి. గిరిజనులు ఆదిమ సంస్కృతిలో మిగిలిపోకూడదనీ, ప్రధాన స్రవంతిలోకి రావాలనీ, వాళ్ళను నాట్యాలు చూసి ఆనందించే మనుషుల జంతుప్రదర్శనశాలగా వుంచకూడదనీ అందులో రాశారు. వుద్దేశం మంచిదే కావచ్చు. కాని జంతుప్రదర్శనశాల అన్న పోలిక ఎవరి మనసులోంచి వచ్చింది? అక్కడ తీర్పు కోరింది నాట్యకారుల గురించి కాదు, బీఈడీ చదివిన టీచర్ల గురించి. నల్లబల్ల ముందు నిలబడ్డ కొండ టీచరు పక్కకు పోయి, థింసా ఆడే మనిషి కళ్ళ ముందుకొచ్చింది. లంబసింగిలో చలి చూడటానికొచ్చి ‘ట్రైబల్ డాన్స్ వుందా’ అని అడిగే టూరిస్టు చూపు ఇదే.

7

చట్టం వుంది గదా అంటారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 2015 సవరణ తర్వాత, నలుగురి ఎదుట కులం పేరుతో తిట్టడాన్నీ, అవమానించడాన్నీ నేరంగా చూస్తుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేని చోట అన్న మాట దీని కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చట్టాన్ని నీరుగార్చే ప్రతి ప్రయత్నాన్నీ మనం ఎదిరించాల్సిందే. అయితే మేము పైన చెప్పిన మూడు మాటలూ నలుగురి ఎదుటే అంటారు. సభల్లో, సంపాదకీయాల్లో, తీర్పుల్లో. ఏ పోలీసు స్టేషన్లోనూ వాటి మీద కేసు కట్టరు. కట్టాలని మేము అడగడం లేదు కూడా. ఈ పని చట్టం చెయ్యలేదు, విమర్శ చెయ్యాలి.

ఆ విమర్శ మన పెద్దల దాకా వెళ్ళాలి. బాబాసాహెబ్ 1936లో కుల నిర్మూలన గురించి రాస్తూ, ఈ దేశంలో ఆదివాసులను అనాగరికులుగా వదిలేసిన నేరం హిందువులదేనని నిలదీశాడు. వేలెత్తి చూపింది సరైన చోటికే. కాని ‘అనాగరికులు’ అన్న కొలబద్దను ఆయన ప్రశ్నించలేదు. 1945లో మత సమస్య పరిష్కారం మీద మాట్లాడుతూ ఆదివాసులకు ఇంకా రాజకీయ అవగాహన ఏర్పడలేదన్నాడు. మరుసటి సంవత్సరం డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, నేను జంగ్లీనే, అందుకు గర్విస్తున్నానన్నాడు. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలన్నాడు. ఒక తిట్టును అందరి ముందూ పేరుగా తొడుక్కుని దాని విషం తీసేసిన ఘటన అది. దళితుడు అన్న మాటను మన వుద్యమం ఎలా తలెత్తుకునే మాటగా మార్చుకుందో అలాంటిదే. దళిత అధ్యయనాల్లో ఈ ఇద్దరినీ ఒకే పాఠంలో చదివే అలవాటు రాలేదు. అంబేద్కర్‌ను ప్రశ్నించడం ఆయన్ను తక్కువ చెయ్యడం కాదు. పెద్దల మాటను పరీక్షించి చూడమని ఆయన దగ్గరే నేర్చుకున్నాం.

పల్లంలో మాల గూడెం, మాదిగ గూడెం వున్నాయి. కొండ మీద మా వూరే గూడెం, మా పాత తాలూకా పేరే గూడెం. ఊరు కానిదాన్నంతా తెలుగు గూడెమనే పిలిచింది. మనల్ని బయట పెట్టిన భాష మనిద్దరికీ ఒకే పేరు పెట్టింది. అలాంటప్పుడు ఒక గూడెం మీద జరిగిన దాడిని ఖండించడానికి ఇంకో గూడేన్ని తిట్టే మాట మనకెందుకు? రేపు ఎక్కడన్నా దళితవాడ మీద దాడి జరిగితే, కరపత్రం రాసే మిత్రులు ఆ ‘ఆటవిక’ దగ్గర కలం ఆపి, దాడి చేసిన కులం పేరు రాయాలని మేము కోరుతున్నాం.